డేవిస్‌లో మట్టి కడిగారు... తుమ్మలపల్లెలో కడిగేదెవరు?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో డేవిస్ అని ఒక ఊరు. అక్కడొక పెద్ద విశ్వవిద్యాలయం. వ్యవసాయానికి, పశువైద్యానికి పేరున్న చదువుల చోటు. ఆ క్యాంపస్‌లో 1950ల నుంచి 1988 దాకా అణుశక్తి శాఖ డబ్బుతో ఒక పరిశోధన నడిచింది. కుక్కలకు తిండిలో స్ట్రాన్షియం పెట్టి, ఒంట్లోకి రేడియం ఎక్కించి, మనిషికి ఎంత మోతాదులో ఏమవుతుందో లెక్కలు రాసుకున్నారు. ఆ వ్యర్థాలను క్యాంపస్‌లోనే గోతులు తవ్వి పాతిపెట్టారు. విశ్వవిద్యాలయం చెత్త కూడా ఆ పక్కనే పూడ్చారు. పరిశోధన ముగిసింది. విషం మాత్రం మట్టిలో, భూగర్భ జలంలో మిగిలింది.

1994లో అక్కడి ప్రభుత్వం ఆ స్థలాన్ని దేశంలో అత్యంత కలుషితమైన స్థలాల జాబితాలో చేర్చింది. పరిశోధన చేయించిన కేంద్ర ఇంధన శాఖ తన వాటా మట్టిని తవ్వి తీసుకుపోవాల్సి వచ్చింది. చెత్త పాతిన విశ్వవిద్యాలయం తన వాటా బాధ్యత తాను మోయాల్సి వచ్చింది. ఎవరు పాడు చేశారో వాళ్ళే బాగు చేయాలి. సూత్రం ఇంతే.

ఈ కథ కడప, కర్నూలు పాఠకులకు ఎందుకు అంటారా? మన జిల్లాలోనూ విశ్వవిద్యాలయాలున్నాయి. మన జిల్లాలోనూ అణుశక్తి శాఖ ఉంది. మన జిల్లాలోనూ మట్టి పాడైందని రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. లేనిదల్లా ఆ మట్టికి జవాబు చెప్పే నాథుడే.

క్యాంపస్‌ల నిర్వాకం మనకు తెలియంది కాదు

చదువుకున్నవాళ్ళు పాడు చేయరనుకోవడం భ్రమ. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగంలో పాతికేళ్ళుగా మూలనపడిన ఒక యంత్రాన్ని వేలం వేశారు. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉందన్న సంగతి పట్టించుకున్నవాడు లేడు. అది మాయాపురి పాత ఇనుప సామాన్ల బజారుకు చేరింది. కూలీలు దాన్ని ముక్కలు ముక్కలుగా కోశారు. ఏప్రిల్ నెలలో ఒక కార్మికుడు చనిపోయాడు. మరికొందరు ఆస్పత్రుల పాలయ్యారు. దేశ రాజధానిలో, దేశంలోకెల్లా పేరున్న విశ్వవిద్యాలయం చేసిన పని ఇది. ప్రొఫెసర్లకు నోటీసులొచ్చాయి. కూలీవాడికి ప్రాణం పోయింది.

అంత దూరం ఎందుకు? నేను చదువుకున్న కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిన యాసిడ్లు, లోహాల ద్రావణాలు, పగిలిన థర్మామీటర్ల పాదరసం అన్నీ సింకులోనే. సింకు గొట్టం గోడ అవతలికి పోయేది. గోడ అవతల గడ్డి మొలవని ఒక జాగా ఉండేది. అక్కడ ఎందుకు మొలవదని మేమూ అడగలేదు, మాకెవరూ చెప్పలేదు. కెమిస్ట్రీ పరీక్షలో మాత్రం పాదరసం విష లోహమని రాసి మార్కులు తెచ్చుకున్నాం. పుస్తకంలో చదివింది కాలికింది మట్టికి వర్తిస్తుందని చెప్పని చదువు మాది.

ఆ జాగా గోడ వెనక నాలుగు గజాలు. తుమ్మలపల్లెలో అది ఊళ్ళకు ఊళ్ళు.

టన్ను రాయి తవ్వితే అరకిలో కూడా లేదు

వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పెట్టింది కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ తంతు జరిగింది. 2007 నవంబరులో శంకుస్థాపన. 2012లో ఉత్పత్తి మొదలు. 2011లో అణుశక్తి శాఖ పెద్దలు ఇక్కడ 49 వేల టన్నుల నిల్వ ఖాయమని, అది లక్షన్నర టన్నులకు కూడా చేరవచ్చని ప్రకటించారు. ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటని పత్రికలన్నీ పతాక శీర్షికలు పెట్టాయి. సీమకు బంగారు గని దొరికినట్టే చెప్పారు.

చెప్పనిది ఇంకొకటుంది. ఇక్కడి ఖనిజంలో యురేనియం 0.05 శాతం కన్నా తక్కువ. అంటే టన్ను రాయిని పిండి చేస్తే అరకిలో కూడా రాదు. మిగతా టన్ను ఏమవుతుంది? రోజుకు 3 వేల టన్నుల ఖనిజాన్ని నూరే సామర్థ్యంతో కట్టిన కర్మాగారం అది. అందులో నుంచి చిటికెడు హైదరాబాదుకు. కొండంత బురద మాత్రం కొట్టాల గుట్టల మధ్య చెరువుకు. ఇంగ్లీషులో దాన్ని టెయిలింగ్ పాండ్ అంటారు. పేరు చెరువే గానీ గొడ్డు నీళ్ళు తాగే చెరువు కాదు, మడి పారే చెరువు కాదు.

ఆ బురదలో ఏముంటుంది? జార్ఖండ్‌లోని జాదూగూడలో యాసిడ్‌తో యురేనియం తీస్తారు. మన రాయి సున్నపు రాయి కాబట్టి యాసిడ్ పనికిరాదు. సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో వేడి మీద, ఒత్తిడి మీద ఉడికించి తీస్తారు. యురేనియం పోయాక మిగిలే బురద నిండా సోడియం ఉప్పులు. దానికి తోడు యురేనియం పుట్టించిన బిడ్డలన్నీ అందులోనే ఉండిపోతాయి. థోరియం-230, రేడియం-226. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగులుతుందని శాస్త్రం. రేడియం సగం తగ్గడానికి 1600 ఏళ్ళు. థోరియం సగం తగ్గడానికి 75 వేల ఏళ్ళు. ప్రభుత్వాలకు మాత్రం అయిదేళ్ళకోసారి మతిమరుపు.

చౌడంటే ఏమిటో రైతుకు చెప్పాలా?

గని మొదలైన కొన్నేళ్ళకే కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె రైతులు గొంతెత్తారు. బోరు నీళ్ళు మారిపోయాయన్నారు. అరటి తోటలు నిలువునా ఎండుతున్నాయన్నారు. మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటోందన్నారు. ఒంటి మీద దురదలు, పుండ్లు వస్తున్నాయన్నారు. ఆ ఊళ్ళకు తాగునీళ్ళు ట్యాంకర్లలో తోలాల్సిన గతి పట్టింది.

తెల్లటి పొర చూసి సీమ రైతు మొదట అనే మాట చౌడు. నేల చౌడెక్కడమంటే ఏమిటో మనకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు. సోడియం మట్టిలో చేరితే మట్టి కణాలు విడిపోతాయి. వాన పడితే బురద, ఎండ కాస్తే బండ. నీళ్ళు లోపలికి దిగవు. వేరుకు గాలాడదు. అరటి లాంటి పంట ఉప్పును అసలే ఓర్చుకోదు. ఇంకో ముచ్చట కూడా తెలుసుకోవాలి. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్ళలో యురేనియం మట్టికి అంటుకోకుండా నీటితోనే కదిలిపోతుంది. అంటే బురదలోని ఏ ఉప్పు నేలను చౌడు చేస్తుందో, ఆ ఉప్పే యురేనియానికి బండి కడుతుంది.

సంస్థ వాదన ఏమిటి? ఈ ప్రాంతంలో యురేనియం సహజంగానే ఉంది, బోరు నీళ్ళలో కనిపించేది ప్రకృతిదే, చెరువు నుంచి ఊట లేదు అంటుంది. సరే, వాదన విందాం. యురేనియం ఉన్న నేలలో నీళ్ళలో ఎంతో కొంత యురేనియం ఉంటుంది, కాదనం. అయితే తేల్చడం అంత కష్టమా? గని రాకముందు, అంటే 2012కు ముందు ఆ బోర్ల నీళ్ళు ఎట్లున్నాయి, ఆ మట్టి ఎట్లుంది? ఆ లెక్కలు బయటపెట్టండి. యురేనియంతో పాటు సోడియం, సల్ఫేటు ఎంత పెరిగాయో ఊరూరా ఏటేటా చూపించండి. చెరువుకు దగ్గరున్న బోర్లలో ఎక్కువై, దూరం పోయే కొద్దీ తగ్గుతుంటే అది ప్రకృతి పనా, చెరువు పనా అన్నది ఇంటర్ చదివే పిల్లవాడు కూడా చెబుతాడు.

పొర వేయకుండా పొలాలు తడిపారు

ఇందులో దాచలేని సంగతి ఒకటుంది. ఆ చెరువు అడుగున బెంటోనైట్ బంకమట్టి, దానికి తోడు పాలిథీన్ పొర వేయాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టింది. ఆ షరతు ప్రకారం పని జరగలేదని రిటైర్డ్ శాస్త్రవేత్త డాక్టర్ కె.బాబూరావు లాంటివాళ్ళు వెంటబడి అడిగారు. 2018లో మండలే సంస్థకు నోటీసు ఇచ్చింది. 2019లో నిపుణుల కమిటీ వేశారు. సంస్థ మాత్రం అక్కడి సహజమైన మట్టే సరిపోతుందని వాదించింది.

ఒక్క మాట అడుగుదాం. పేదవాడు ఇల్లు కట్టుకుంటూ ప్లాను నుంచి రెండడుగులు జరిగితే కూల్చేయడానికి మునిసిపాలిటీ వాళ్ళు జేసీబీతో వస్తారు. అనుమతి పత్రంలో రాసిన పొర లేకుండా లక్షల టన్నుల బురద పోసినవాళ్ళకు నోటీసుతో సరా? నోటీసుకూ పొరకూ తేడా లేదా? కాగితం ఊటను ఆపుతుందా?

తాగే నీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 దాకా పర్వాలేదంటుంది. గీత గీసేది అణుశక్తి పెద్దలే, గీత దాటలేదని చెప్పేదీ వాళ్ళే. ఆ బోర్డుకు స్వతంత్రత లేదని 2012లో కాగ్ నివేదికే తప్పుపట్టింది. దొంగా పోలీసూ ఒకే ఇంట్లో కాపురమున్నప్పుడు ఫిర్యాదు ఎవరికివ్వాలి?

చట్టమొచ్చింది, మనల్ని గడప బయట నిలబెట్టింది

కలుషితమైన నేలను శుభ్రం చేయించడం మన దేశంలో కొత్త ముచ్చట కాదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛిరి అనే ఊళ్ళో రసాయన ఫ్యాక్టరీలు బావులను, పొలాలను పాడు చేస్తే 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలి, మనుషులకు పరిహారమే కాదు, మట్టిని, నీటిని బాగుచేసే ఖర్చు కూడా వాడిదే అంది. వాళ్ళు పదిహేనేళ్ళు తప్పించుకు తిరిగితే 2011లో 37 కోట్ల పైచిలుకు సొమ్ము వడ్డీతో కట్టమంది. కొడైకెనాల్‌లో పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతబడింది. అక్కడి మట్టిని ఏ ప్రమాణం దాకా శుభ్రం చేయాలన్న తగాదా రెండు దశాబ్దాలు సాగింది. విదేశంలో ఒక ప్రమాణం, మనకొక ప్రమాణమా అని అక్కడి జనం నిలదీశారు.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానమున్న స్థలాలను గుర్తించాలి, కాలుష్య మండలి పరీక్షలు చేయాలి, పాడు చేసినవాడి దగ్గర ఖర్చు రాబట్టి నేలను బాగు చేయించాలి. చదివితే కడుపు నిండుతుంది. కానీ అదే నిబంధనల్లో మరో వాక్యముంది. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం వల్ల వచ్చే కాలుష్యం ఇందులోకి రావట. వాటికి వేరే చట్టాలున్నాయట. తుమ్మలపల్లె ఈ రెండూ అవుతుంది. దేశమంతటికీ పందిరి వేసి, మన ఇంటి మీద మాత్రం ఆకు తీసేశారు.

ఆ వేరే చట్టమేది? ఆ నిబంధనలు వచ్చేనాటికి ఉన్నది 1962 నాటి అణుశక్తి చట్టం. అది రైతు పొలాన్ని బాగు చేయడానికి పుట్టింది కాదు, రహస్యాలు కాపాడటానికి పుట్టింది. అమెరికాలో యురేనియం బురద కుప్పలను శుభ్రం చేయడానికి 1978లోనే విడిగా చట్టం చేశారు. యూటా రాష్ట్రంలో మోయాబ్ దగ్గర కొలరాడో నది ఒడ్డునున్న కోటిన్నర టన్నులకు పైబడిన బురదను 2009 నుంచి రైలు పెట్టెల్లో దూరంగా తరలించే పని పెట్టుకున్నారు. తూర్పు జర్మనీలో సోవియట్ కాలపు యురేనియం గనులను బాగు చేయడానికి 1990 తర్వాత 6 వందల కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెట్టారు. వాళ్ళ మట్టి మట్టీ, మన మట్టి మన్నా?

మనకంటే ముందు లేచినవాళ్ళున్నారు

నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో యురేనియం తవ్వుతామంటే అక్కడి జనం అడ్డం నిలబడ్డారు. గని రాలేదు. నల్లమలలో తవ్వుతామన్నప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. మన కర్నూలు జిల్లాలో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో 68 బోర్లు వేసి యురేనియం వెతుకుతామన్నారు. 2024 చివర్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. కప్పట్రాళ్ళ అంటే ఫ్యాక్షన్ అనే వాళ్ళ నోళ్ళు మూతపడేటట్టు అన్ని ఊళ్ళ వాళ్ళు, అన్ని పార్టీల వాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. రాష్ట్ర ప్రభుత్వం వెనక్కు తగ్గక తప్పలేదు.

కప్పట్రాళ్ళ జనానికి పాఠం చెప్పింది ఎవరు? తుమ్మలపల్లె. మా ఊరు మరో తుమ్మలపల్లె కాకూడదన్నారు. సంతోషమే. కానీ పాఠంగా మిగిలిపోయిన తుమ్మలపల్లె సంగతేమిటి? గని రానివ్వని ఊరు గెలిచింది. గని వచ్చిన ఊరికి గెలుపంటే మట్టి తిరిగి దక్కడమే. ఆ కొట్లాట ఇంకా మొదలు కాలేదు. ముఖ్యమంత్రుల మీద ముఖ్యమంత్రులు సీమ నుంచి పోయారు, పులివెందుల నుంచే ఇద్దరు పోయారు. ఈ మట్టి కోసం శాసనసభలో ఒక్క తీర్మానం లేదు.

దేశభక్తి పేరుతో నోరు మూయిస్తారా?

దేశానికి కరెంటు కావాలి, అణు ఇంధనం కావాలి, మీరు అడ్డం పడతారా అని అడిగేవాళ్ళుంటారు. అడ్డం పడటం కాదు సామీ, బిల్లు అడుగుతున్నాం. దేశానికి కావాలంటే దేశమే మూల్యం కట్టాలి. కొట్టాల రైతు ఒక్కడే తన అరటి తోటతో ఎందుకు కట్టాలి? మాకు ఉద్యోగాలు పోతాయి అని గనిలో పనిచేసే తమ్ముళ్ళు భయపడతారు. వాళ్ళ భయం నిజమే, తీసిపారేయలేం. కానీ మట్టిని బాగు చేయడం కూడా పనే. చెరువు అడుగు బిగించడం, ఊట నీటిని తోడి శుద్ధి చేయడం, కట్టల మీద మందమైన మట్టి కప్పడం, చౌడెక్కిన పొలాలకు జిప్సం వేసి మంచినీళ్ళతో ఉప్పు కడగడం... ఇవన్నీ ఏళ్ళ తరబడి మనుషులకు పని కల్పించేవే. గని మూతపడ్డా ఆ పని మిగులుతుంది.

మంత్రంతో మట్టి బాగుపడదని కూడా మనం మనకే చెప్పుకోవాలి. చెర్నోబిల్ దగ్గర 1990లలో చెరువు నీళ్ళలోంచి రేడియోధార్మికతను పీల్చడానికి పొద్దుతిరుగుడు మొక్కలు వాడి చూశారు. కర్నూలు రైతుకు పొద్దుతిరుగుడు కొత్త కాదు కాబట్టి అదే వేసేద్దామనే పెద్దమనిషి రేపు ఎవడో బయలుదేరతాడు. ఆ మొక్క పీల్చిన విషం మొక్కలోనే ఉంటుంది. ఆ గింజ గానుగకు పోకూడదు, ఆ చొప్ప గొడ్డుకు పోకూడదు. పైగా చెరువు ఊట ఆపకుండా పొలంలో ఏ మందు వేసినా తూము తెరిచిపెట్టి మడి ఎండగట్టినట్టే. మొదట ఊట కట్టాలి. తర్వాతే పొలం.

విశ్వవిద్యాలయాలు ఎక్కడున్నాయి?

ఇప్పుడు మళ్ళీ క్యాంపస్ దగ్గరికి వద్దాం. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో సీమ పెద్దలు నీళ్ళతో పాటు అడిగినది విశ్వవిద్యాలయం. అనంతపురంలో కేంద్రం ఉండాలని రాయించుకున్నారు. నీళ్ళ మాట ఏమైందో అందరికీ తెలుసు. విశ్వవిద్యాలయాలు మాత్రం ఆలస్యంగానైనా వచ్చాయి. కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం. గనికి కూతవేటు దూరంలో పులివెందులలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ.

డేవిస్‌లో విశ్వవిద్యాలయం ముద్దాయి. ఇక్కడ మన విశ్వవిద్యాలయం సాక్షి. కానీ నోరు విప్పని సాక్షి ముద్దాయికే పనికొస్తాడు. కొట్టాల రైతు తన మట్టిని సంచిలో పోసుకుని పరీక్ష చేయించుకోవాలంటే ఎవరి దగ్గరికి పోవాలి? పాడు చేసిందంటున్న సంస్థ ల్యాబుకా? మన పిల్లలు భూగర్భ శాస్త్రం, పర్యావరణ శాస్త్రం, రసాయన శాస్త్రం చదివేది దేనికి? పీహెచ్‌డీ పుస్తకం అల్మరాలో దాచడానికా?

అందుకే అడుగుతున్నాం:

ఒకటి. సీమ విశ్వవిద్యాలయాలు కలిసి తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్ళ మట్టిని, నీళ్ళను వానకు ముందొకసారి, వాన తర్వాత ఒకసారి ఉచితంగా పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి.

రెండు. గని రాకముందు తీసిన నీటి, మట్టి లెక్కలను, 2019 నిపుణుల కమిటీకి చేరిన పరీక్షల ఫలితాలను పూర్తిగా బయటపెట్టాలి.

మూడు. చెరువు అడుగున షరతు ప్రకారం పొర వేసేదాకా అందులో కొత్త బురద పోయడం ఆపాలి. ఇప్పటిదాకా పోసిన బురదకు శాశ్వత పరిష్కారం ఏమిటో, దాని ఖర్చుకు సొమ్ము ఎక్కడ దాచారో సంస్థ చెప్పాలి. గని ఎత్తేసిన రోజు తాళం చెవి మన చేతిలో పెట్టి పోతామంటే కుదరదు.

నాలుగు. 2025 నిబంధనల్లోని మినహాయింపును తొలగించాలి. లేదా యురేనియం బురదకు విడిగా చట్టం తేవాలి. దీని మీద రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి.

అయిదు. మన క్యాంపస్‌ల ఇంటిని మనమే ముందు ఊడ్చుకోవాలి. ప్రతి కాలేజీ ల్యాబు వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయో లెక్క రాయాలి. సింకు గోడ అవతల గడ్డి మొలవని చోట మట్టి తీసి పరీక్షించాలి. మన పెరట్లో విషం దాచుకుని పక్కవాడిని శుభ్రత అడిగితే నవ్వుతారు.

విద్యార్థి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ అయిదింటిలో మొదటిదీ అయిదోదీ ఎవరినీ అడుక్కోవాల్సిన పని కాదు. అవి మీ చేతుల్లో ఉన్నవే. ఉద్యోగ సంఘాల పెద్దలారా! కాలుష్య మండలిలో, వ్యవసాయ శాఖలో, భూగర్భ జల శాఖలో ఫైళ్ళు కదిలేది మీ టేబుళ్ళ మీదే. జీతం పెంపు కోసం ధర్నా చేసిన చేయి, ఒక ఫైలు దుమ్ము దులపడానికి కూడా లేవాలి.

సీమకు నీళ్ళు బాకీ పడ్డారని దశాబ్దాలుగా కొట్లాడుతున్నాం. రేపు ఆ నీళ్ళు వచ్చినా, పారించడానికి మట్టి బతికి ఉండాలి గదా! కృష్ణా నీళ్ళు చౌడు మీద పోసుకుని ఏం పండిస్తాం? నీళ్ళ బాకీతో పాటు మట్టి బాకీ కూడా లెక్కలో రాయండి. అసలుతో సహా వసూలు చేద్దాం.